ట్విస్ట్‌ను నిజంగా ముందే పట్టామా? ఇంటర్వెల్ చీటీతో తేల్చుకునే పద్ధతి

విజయవాడ గాంధీనగర్‌లో సస్పెన్స్ సినిమా సెకండ్ షో వదిలాక టీ బండి దగ్గర కాసేపు నిలబడితే ఒక మాట తప్పకుండా చెవిన పడుతుంది. "నాకు ఇంటర్వెల్‌కే తెలిసిపోయిందిరా." పక్కవాడు ఊరుకోడు. "ఇంటర్వెల్ దాకా ఎందుకు, వాడు మొదటి సీన్‌లో నవ్వినప్పుడే నాకు డౌటొచ్చింది." ఇద్దరూ నిజాయితీగానే మాట్లాడుతున్నారు, అయినా ఇద్దరి మాటా సాక్ష్యంగా పనికిరాదు. ముగింపు తెలిశాక, అంతకుముందు మనం ఏమనుకున్నామో మనకే సరిగ్గా గుర్తుండదు.

అందుకే ఇక్కడ మా స్నేహితులం కొందరం ఇలాంటి సినిమాలకు ఒక పద్ధతి పెట్టుకున్నాం. సినిమా నడుస్తుండగా ఎవరి ఊహ వాళ్లు చీటీ మీద రాయాలి. చీటీలో ఉన్నదే లెక్క, తర్వాత నోటితో చెప్పింది లెక్కలోకి రాదు. ఇలా చూడటం మొదలుపెట్టాక సినిమా మన కళ్లెదుటే పెట్టి మన చూపుకు అందకుండా ఎలా దాచిందో అర్థమవుతూ వచ్చింది. ఆ పద్ధతిని మీ ఇంట్లో, మీ హాస్టల్లో, మీ అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద మీరూ చేసుకునేలా వివరంగా రాస్తున్నాను.

ముందే ఒక హెచ్చరిక. సైకో, స్టేజ్ ఫ్రైట్, ది యూజువల్ సస్పెక్ట్స్, ది సిక్స్త్ సెన్స్, కహానీ, దృశ్యం, రంగస్థలం, అ!, ఎవరు, ఎవరుకు మూలమైన స్పానిష్ సినిమా, దాని హిందీ రూపం బద్లా: వీటి మలుపులు కింద బయటపెడుతున్నాను. వీటిలో చూడనిది ఉంటే ముందు అది చూసి రండి.

మొదటి మెట్టు: సినిమా ఎంపిక ఒక్కరి చేతిలోనే ఉండాలి

బృందంలో ఒకరిని ఎంపికదారుగా పెట్టండి. ఆయనో ఆవిడో ఆ సినిమా ముందే చూసి ఉండాలి, మిగతావాళ్లు చూసి ఉండకూడదు. నలుగురి కంటే తక్కువైతే పోల్చుకోవడానికి చీటీలు చాలవు. పదిమంది దాటితే ఎవరో ఒకరు మధ్యలో నోరు జారతారు. ఆరుగురు, ఏడుగురు సరిగ్గా సరిపోతారు. ఎంపికదారు చీటీ రాయకూడదు, చూస్తున్నవాళ్ల మొహాలు చూసి నవ్వకూడదు. రెండోది చాలా కష్టం, అయినా పాటించి తీరాలి.

అన్నిటికంటే ముఖ్యం, "ఇందులో ట్విస్ట్ ఉంది" అన్న మాటే బయటికి రానివ్వకూడదు. ట్విస్ట్ ఏమిటో చెప్పకపోయినా, ఉందని చెప్పడమే సగం చెప్పేయడం. ఉందని తెలిసిన ప్రేక్షకుడు కథ చూడడు, ఆధారాలు వెతుకుతాడు. పుదుచ్చేరికి చెందిన మాహేలో పుట్టిన మనోజ్ నైట్ శ్యామలన్ 1999లో ది సిక్స్త్ సెన్స్ తీశాక, తర్వాత ఆయన ఏ సినిమా వచ్చినా జనం మలుపు కోసం కాచుక్కూర్చోవడం మొదలైంది. అలా కాచుకున్న కళ్లను ఏమార్చడం ఏ దర్శకుడికైనా చాలా కష్టం.

దీనికి విరుగుడు ఉంది. నాలుగైదు సినిమాలకొకసారి ఏ మలుపూ లేని, తిన్నగా సాగే సినిమా ఒకటి కలపండి. బృందానికి చెప్పకండి. ఆ రోజు వచ్చే చీటీలు చదివితే చాలా తెలుస్తుంది. పాపం, టిఫిన్ తెచ్చి పెట్టే పిన్నిగారి మీద, గేటు తీసే వాచ్‌మన్ మీద, హీరో స్నేహితుడి మీద అనుమానాలు బారులు తీరతాయి. లేని మలుపును ఎంతమంది చూశారో తెలిస్తేనే, ఉన్న మలుపును పట్టుకోవడం ఎంత గొప్పో తూకం వేయగలం. అందరినీ అనుమానించేవాడి ఊహ ఏదో ఒక రోజు నిజమవుతుంది. దాన్ని పట్టడం అనలేం.

సినిమాలు ఎంచుకునేటప్పుడు మలుపుల రకాలు మారుతూ ఉండేలా చూసుకోండి. ఒక రకంలో దాచేది మనిషిని. 2019లో వచ్చిన ఎవరులో కేసు నుంచి బయటపడేస్తానని వచ్చిన పోలీసు అసలెవరన్నదే మలుపు. ఇంకో రకంలో మనం చూస్తున్న లోకమే వేరు. 2018లో ప్రశాంత్ వర్మ తీసిన అ!లో వేర్వేరు మనుషులనుకున్నవాళ్లంతా ఒక్క అమ్మాయి మనసులోని రూపాలని చివర్లో తెలుస్తుంది. మూడో రకంలో నేరం, నేరస్తుడు మనకు తెలుసు, ఒక్క ముక్క మాత్రం తెలియదు. దృశ్యం ఆ కోవలోది. నాలుగోది "ఎందుకు" అన్న ప్రశ్న. 2015 జులై నుంచి 2017 ఏప్రిల్ దాకా తెలుగువాళ్లందరి నోటా నానిన కట్టప్ప ప్రశ్న ఇదే. అక్కడ చంపిందెవరో తెరమీదే చూపించేశారు, కారణం ఒక్కటే దాచారు. ఒక రకాన్ని ఇట్టే పట్టేసేవాళ్లు ఇంకో రకం దగ్గర పూర్తిగా బోల్తా పడటం మా బృందంలో చాలాసార్లు చూశాను.

రెండో మెట్టు: ముందుగా చెవినా కంటా పడేవి ఆపడం

పాత సినిమా పాటల పుస్తకాలు చూసినవాళ్లకు గుర్తుంటుంది. కథాసంగ్రహం మంచి పట్టులోకి తెచ్చి, "మిగతా వెండితెరపై చూడండి" అని ఆపేసేవారు. ఎంత చెప్పాలో, ఎక్కడ ఆపాలో ఆ నాలుగు పేరాలు రాసినవాళ్లకు బాగా తెలుసు. ఇప్పటి ట్రైలర్లకు ఆ నిగ్రహం లేదు. కాబట్టి ఎంచుకున్న సినిమా ట్రైలర్ చూడొద్దని ముందే ఒప్పందం చేసుకోండి.

కొత్త సినిమా అయితే మొదటి రోజు మొదటి ఆటకే వెళ్లండి. మ్యాట్నీ వేళకల్లా వాట్సాప్ గ్రూపుల్లో కథంతా తిరుగుతుంది. గాంధీనగర్ హాళ్లయినా, బెంజ్ సర్కిల్, ఎంజీ రోడ్డు మాల్స్‌లోని స్క్రీన్లయినా పేర్లు పడకముందే సీట్లో ఉండాలి. 1960లో సైకో విడుదలప్పుడు ఆట మొదలయ్యాక ఎవర్నీ లోపలికి పంపొద్దని ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ థియేటర్లకు షరతు పెట్టాడు. దానికి కారణం ఉంది. జానెట్ లీ లాంటి పేరున్న తార సినిమా సగానికి రాకముందే చనిపోతుంది. ఆలస్యంగా వచ్చినవాడు ఆవిడ ఎప్పుడొస్తుందా అని చివరిదాకా ఎదురుచూస్తాడే తప్ప, పెద్ద తార సగంలో పోదన్న తన నమ్మకాన్ని సినిమా ఎలా విరిచిందో చూడలేడు. మలుపుకు కావలసిన సరుకంతా మొదటి పది నిమిషాల్లోనే పోగవుతుంది. పాప్‌కార్న్ కొనుక్కుని తాపీగా వచ్చే అలవాటుకు ఈ సినిమాలు లొంగవు.

ఇంట్లో ఓటీటీలో చూస్తుంటే జాగ్రత్తలు వేరు. తెర మీద ఇంకా ఎన్ని నిమిషాలుందో చూపే గీత కనపడకుండా చూసుకోండి. ఇంకా నలభై నిమిషాలుందని తెలిస్తే ఇప్పుడు దొరికినవాడు అసలు దొంగ కాదని పసిపిల్లాడైనా చెబుతాడు. ఏ సీన్‌లో ఎవరు నటించారో, పాత్ర పేరేమిటో పక్కన చూపే సదుపాయం కొన్ని యాప్‌లలో ఉంటుంది, దాన్ని ఆపేయండి. సబ్‌టైటిల్స్‌తో ఇంకో ప్రమాదం ఉంది. వినికిడి లోపం ఉన్నవాళ్ల కోసం చేసిన రకంలో మాట్లాడుతున్న మనిషి పేరు ముందే పడుతుంది. చీకట్లో గొంతు మాత్రమే వినిపించే సీన్‌లో ఆ పేరు పడితే అంతా అయిపోయినట్టే. మామూలు సబ్‌టైటిల్స్ పెట్టుకోండి.

వేసవిలో మన ఊళ్లో ఏడు దాటాక మొదలుపెట్టడం మంచిది. అంతకుముందు గది ఉడికిపోతూ ఉంటే ఎవరి ధ్యాసా తెర మీద నిలవదు. గుంటూరు నుంచి వచ్చేవాళ్లు ఉంటే వాళ్లు తిరిగి వెళ్లే వేళ చూసుకుని మొదలుపెట్టండి. చివరి అరగంట వాచీ చూసుకుంటూ కూర్చుంటే చూసిందంతా వృథా.

మూడో మెట్టు: చీటీ రాయడం

ఈ పద్ధతికి ప్రాణం ఇదే. ఒక్కొక్కరికి మూడు చీటీలు, ఒక పెన్ను. మొదటి చీటీ సినిమా మొదలైన అరగంటకు, రెండోది ఇంటర్వెల్‌లో, మూడోది ప్రీ క్లైమాక్స్ మొదలవుతుందనగా. మూడోదానికి ఎప్పుడు ఆపాలో ఎంపికదారుకే తెలుసు కాబట్టి ఆయన చెప్పాలి. థియేటర్లో ఆపడం కుదరదు, అక్కడ ఇంటర్వెల్ చీటీ ఒక్కటి చాలు. మన సినిమాలకు ఇంటర్వెల్ ఉండటం నిజంగా వరం. కథకుడు పెద్ద ప్రశ్న వేసి, మనల్ని పావుగంట వదిలేసే చోటు అది. విదేశీ సినిమాలకు సరిగ్గా సగం దగ్గర మనమే ఆపుకోవాలి.

చీటీలో మూడు ముక్కలు ఉండాలి. ఏం జరగబోతోందని మీ ఊహ, ఏ సీన్ చూసి అలా అనిపించింది, పదికి ఎంత నమ్మకం. రెండో ముక్క రాయని చీటీని ఎంపికదారు వెనక్కి ఇచ్చేయాలి. "డాక్టర్ మీద డౌట్" అని రాస్తే చాలదు. "డాక్టర్. పోలీసులు అడక్కముందే ఆ రాత్రి ఊళ్లో లేనని చెప్పాడు. ఆరు" అని రాస్తే అది ఊహ. ఏమీ తట్టకపోతే "ఏమీ తట్టలేదు" అని రాయడం కూడా పూర్తి చీటీయే. దాన్ని చిన్నతనంగా చూడకూడదని మొదటి రోజే అందరికీ చెప్పండి, లేకపోతే మొహమాటానికి ఏదో ఒక పేరు రాసి పారేస్తారు. రాశాక మడిచి డబ్బాలో వేయాలి. ఇంటర్వెల్‌లో సమోసాల దగ్గర సినిమా గురించి ఒక్క మాట కూడా ఉండకూడదు. ఒకరు "ఆ తమ్ముడెందుకో తేడాగా ఉన్నాడు" అన్నారంటే, ఆ తర్వాత పడే చీటీలన్నీ ఆ ఒక్కరివే.

ఇంత పట్టుదల ఎందుకంటే, మన జ్ఞాపకం ఫలితం వైపు జరిగిపోతుంది. బరూక్ ఫిష్‌హాఫ్, రూత్ బేత్ అనే పరిశోధకులు 1975లో ప్రచురించిన అధ్యయనం దీన్ని చక్కగా పట్టింది. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా, సోవియట్ యూనియన్ పర్యటనలకు వెళ్లే ముందు, అక్కడ ఏమేమి జరగవచ్చో, ఒక్కోదానికి ఎంత అవకాశం ఉందో విద్యార్థుల చేత అంచనా వేయించారు. పర్యటన ముగిశాక, మీరు అప్పట్లో వేసిన అంచనాలు గుర్తుచేసుకుని రాయండన్నారు. జరిగిన సంగతులకు తాము మొదట్లో ఇచ్చినదానికంటే ఎక్కువ అవకాశం ఇచ్చినట్టు వాళ్లకు గుర్తొచ్చింది. ఎవరూ కావాలని అబద్ధమాడలేదు. జరిగింది తెలిశాక, అదే జరుగుతుందని మొదటినుంచీ అనుకున్నట్టు మనసు సర్దుకుంది. టీ బండి దగ్గర మాటలకు మూలం ఇక్కడుంది. సినిమాలో వంద మంది మీద మనకు లీలగా అనుమానం కలుగుతుంది. నిజమైన ఒక్కటే గుర్తుండి, తప్పిన తొంభై తొమ్మిదీ జారిపోతాయి. చీటీ ఆ తొంభై తొమ్మిదినీ జారిపోనివ్వదు.

నాలుగో మెట్టు: చీటీలు విప్పి లెక్క చూడటం

సినిమా అయ్యాక ఎంపికదారే చదవాలి, రాసినవాళ్ల పేర్లు చివర చెప్పాలి. ఊహ నిజమైన చీటీలను పక్కన పెట్టి, వాటి రెండో ముక్క చూడండి. ఆధారం ఎక్కడిది? కథలోంచి వచ్చిందా, బయటినుంచి వచ్చిందా?

బయటినుంచి వచ్చే ఊహ చాలా తరచుగా నిజమవుతుంది, అందుకే దాన్ని విడిగా చూడాలి. అన్నిటికంటే ముందు వచ్చేది నటుడి పేరు. "అంత పెద్ద నటుడు రెండు సీన్ల కోసం రాడు" అన్నది మన ప్రేక్షకులకు నరనరానా ఎక్కిన సూత్రం. తర్వాత అలవాటు: హీరో పక్కనే ఉండి అన్నిటికీ సాయం చేసే మంచి మనిషి చివర్లో విలన్ అవడం ఎన్ని సినిమాల్లో చూశాం! ఆ తర్వాత నేపథ్య సంగీతం. మనిషి మామూలుగా కాఫీ కలుపుతుంటే కింద సన్నగా గుబులు పుట్టించే శబ్దం మొదలైందంటే, సంగీత దర్శకుడు మనకు చీటీ అందించేసినట్టే. అవసరం లేని వస్తువు మీద రెండు సెకన్లు ఎక్కువ నిలిచిన కెమెరా కూడా ఇంతే. ఇవన్నీ పరిశీలనలే, తప్పేం లేదు. కానీ ఇవి చూసి పట్టినవాళ్లు సినిమాలు తీసే తీరును చదివారు. ఆ మనుషుల ప్రవర్తనలో తేడాను చూసి పట్టినవాళ్లు కథను చదివారు. నా దృష్టిలో పట్టడం అంటే రెండోదే. అలాంటి చీటీ వస్తే ఆ రోజు మా వాళ్లందరం దాన్ని చేతులు మార్చుకుంటూ చదువుతాం.

మూడో ముక్క, పదికి ఎంత నమ్మకమన్నది కూడా చూడండి. ఊహ నిజమై నమ్మకం రెండే ఉంటే అది గాల్లో వేసిన బాణం. ఊహ తప్పై నమ్మకం తొమ్మిది ఉంటే అదే అన్నిటికంటే విలువైన చీటీ, ఎందుకంటే సినిమా ఆ మనిషిని ఎక్కడో గట్టిగా దారి తప్పించింది. ఎక్కడన్నది రెండోసారి చూసినప్పుడు వెతకాలి.

ఐదో మెట్టు: రెండోసారి చూడటం

చాలామంది ఇక్కడిదాకా వచ్చి ఆపేస్తారు. అసలు పంట ఇక్కడే ఉంది. అదే వారంలో, ముగింపు తాజాగా గుర్తుండగానే మళ్లీ చూడండి. ఈసారి కథ ఏమవుతుందో తెలుసు కాబట్టి ఒక్కొక్కరికి ఒక్కో పని అప్పగించండి. ఒకరు ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చూడాలి. ఒకరు ఈ సంగతి మనకు చెబుతున్నదెవరో చూడాలి. ఒకరు కెమెరా ఎక్కడికి వెళ్లకుండా ఆగిందో చూడాలి. ఒకరు ఇంటర్వెల్‌లో మన అనుమానం ఎవరి మీదుందో, ఆ అనుమానాన్ని అక్కడికి ఎవరు తోలారో చూడాలి.

మొదటి పనికి ది సిక్స్త్ సెన్స్‌ను మించిన పాఠం లేదు. పిల్లల మానసిక వైద్యుడిగా బ్రూస్ విల్లిస్ మొదట్లోనే కాల్పులకు గురవుతాడు. ఆ కాల్పుల్లోనే అతను చనిపోయాడని చివర్లో గానీ తెలియదు. ఆ తర్వాత అతను వైద్యం చేస్తున్న, చనిపోయినవాళ్లు కనిపించే అబ్బాయి తప్ప ఎవరూ అతనితో మాట్లాడరు. అబ్బాయి తల్లి ఎదురుగా కూర్చుని ఉన్న సీన్ చూడండి. ఇద్దరూ అప్పటిదాకా ఏదో మాట్లాడుకున్నట్టు మనం అనుకుంటాం, కానీ తెర మీద ఒక్క మాట లేదు. పెళ్లిరోజున హోటల్లో భార్య అతని మాటలకు జవాబివ్వదు. మనం దాన్ని అలక అనుకుంటాం. అతని ఒంటిమీద బట్టలు కూడా ఆ కాల్పుల రాత్రి వేసుకున్నవీ ముట్టుకున్నవీ తప్ప వేరేవి ఉండవు. సినిమా ఒక్క అబద్ధం ఆడలేదు. భార్యాభర్తల మధ్య అలక మనకు బాగా తెలిసిన సంగతి కాబట్టి ఖాళీని మనమే ఆ అలకతో నింపుకున్నాం. మంచి మలుపు ఎప్పుడూ ఇలాగే పనిచేస్తుంది. ప్రతి సీన్‌కూ రెండు అర్థాలుంటాయి, మామూలు అర్థం మనకు ముందు తడుతుంది.

రెండో పనికి 1995 నాటి ది యూజువల్ సస్పెక్ట్స్ తీసుకోండి. ఒక మనిషి పోలీసు గదిలో కూర్చుని జరిగింది చెబుతుంటే అదంతా తెర మీద కనిపిస్తుంది. కంటికి కనిపించేసరికి మనం దాన్ని జరిగినట్టే నమ్మేస్తాం. నిజానికి అది అతని నోటిమాట మాత్రమే, పేర్లూ వివరాలూ ఆ గదిలో గోడకున్న బోర్డు మీంచి, కాఫీ కప్పు అడుగునుంచి ఏరుకున్నవి. అందుకని ఏ సినిమాలో ఫ్లాష్‌బ్యాక్ మొదలైనా మా బృందంలో ఈ పని అప్పగించినవాళ్లు కాగితం మీద ఒకటే రాస్తారు: చెబుతున్నదెవరు, వాళ్లకు దీనివల్ల ఒరిగేదేమిటి?

మూడో పనికి మనకు దృశ్యం ఉంది. 2013లో జీతూ జోసెఫ్ మలయాళంలో తీసిన కథను 2014లో శ్రీప్రియ తెలుగులో తీశారు, వెంకటేశ్ కేబుల్ ఆపరేటర్ రాంబాబు. ఈ సినిమా మీద మా చీటీల్లో తెల్లకాగితాలు ఎక్కువగా వచ్చాయి, దానికి కారణం చాలా అందంగా ఉంది. ఎవరు చంపారో, ఎందుకు చంపారో, ఎక్కడ పాతిపెట్టారో మనకు ముందే చూపించేస్తారు. మనం ఆ కుటుంబం పక్షాన చేరిపోతాం, వాళ్ల రహస్యం మనకూ తెలుసని ధీమాగా ఉంటాం. అన్నీ తెలుసనుకున్నవాడికి ప్రశ్న పుట్టదు. పోలీసులు తవ్వినప్పుడు మనం అనుకున్న శవం అక్కడ ఉండదు. చివరికి అది కొత్త పోలీస్ స్టేషన్ నేల కిందే ఉందని తెలుస్తుంది. రాంబాబు ఒంటరిగా గడిపిన ఒక రాత్రి తాలూకు ముక్కను కెమెరా మనకు చూపించలేదు, చూపించలేదని మనకు తోచనూ లేదు. ఇంతకంటే మర్యాదగా ప్రేక్షకుణ్ణి ఏమార్చిన తెలుగు సినిమా నాకు తెలియదు.

నాలుగో పనికి రంగస్థలం. 2018లో సుకుమార్ తీసిన ఈ సినిమాను చాలామంది సస్పెన్స్ సినిమాల్లో లెక్కవేయరు, ఆ లెక్కలేనితనమే దాని బలం. అన్న కుమార్‌బాబు చావుకు కారణం ప్రెసిడెంటేనని ఊరంతటితో పాటు మనమూ నమ్ముతాం. జగపతిబాబు పాత్ర మన అనుమానాన్నంతా తన మీదికి లాగేసుకుంటుంది. ఆస్పత్రి మంచం మీదున్న ఎమ్మెల్యే దక్షిణామూర్తికి తమ్ముడు చిట్టిబాబుగా రామ్‌చరణ్ చేసే సేవ చూసి కృతజ్ఞత అనుకుంటాం. అన్నను చంపించింది ఆ మనిషేనని, లేచి కూర్చునేదాకా బతికించింది తన చేత్తో చంపడానికేనని చివర్లో తెలిసినప్పుడు, రెండేళ్ల సేవ మొత్తం మరో రూపంలో కనిపిస్తుంది. రెండోసారి చూస్తున్నప్పుడు రామ్‌చరణ్ కళ్లను చూడండి. మొదటిసారి ప్రేమ అనిపించిన చోట ఓపిక కనిపిస్తుంది. మనకు దొరికిన దొంగ మరీ సులువుగా దొరికాడా అన్న ప్రశ్న వేసుకోవడం ఈ సినిమా నేర్పుతుంది.

ఇలా వెతుకుతుంటే "ఇంత స్పష్టంగా ఉంటే ఎలా కనపడలేదు" అని నొచ్చుకునేవాళ్లుంటారు. 1999లో డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ చాబ్రిస్ చేసిన ప్రయోగం వాళ్లకు చెప్పండి. బంతిని ఎన్నిసార్లు విసిరారో లెక్కపెట్టమంటే, ఆటగాళ్ల మధ్యలోకి గొరిల్లా వేషంలో వచ్చి గుండెలు బాదుకుని వెళ్లిన మనిషిని, ఆ వీడియో చూసినవాళ్లలో దాదాపు సగంమంది గమనించలేదు. కళ్లు తెరిచే ఉన్నాయి, ధ్యాస వేరే పనిలో ఉంది. దర్శకుడు చేసేదల్లా మనకు ఆ వేరే పని అప్పగించడం.

ఆరో మెట్టు: న్యాయమైన మలుపా, కాదా?

రెండోసారి చూశాక బృందం ఒక తీర్పు ఇవ్వాలి. మేం రెండు ప్రశ్నలు వేసుకుంటాం. తెలిసిన ముగింపుతో చూస్తే ఎక్కడైనా సినిమా పచ్చి అబద్ధం ఆడిందా? ఆధారం ముందే ఉందా, లేక చివరి రీలులో ఊడిపడిందా?

హిచ్‌కాక్ 1950లో తీసిన స్టేజ్ ఫ్రైట్ మొదట్లో ఒక ఫ్లాష్‌బ్యాక్ ఉంది, అది అబద్ధమని తర్వాత తేలుతుంది. ప్రేక్షకులు దాన్ని ఒప్పుకోలేదు, అలా చేయకుండా ఉండాల్సిందని ఆయనే తర్వాత ఫ్రెంచ్ దర్శకుడు ట్రూఫోతో అన్నాడు. మరి ది యూజువల్ సస్పెక్ట్స్ చేసిందీ అదే కదా అంటే, మా బృందంలో ఈ వాదన ఇంకా తెగలేదు. నా మట్టుకు రెండిటికీ తేడా ఉంది. రెండోదాంట్లో చెబుతున్నవాడు నిందితుడని, ఎదురుగా పోలీసున్నాడని సినిమా మనకు పదేపదే గుర్తుచేస్తుంది. అనుమానించే హక్కు మనకు ఇచ్చింది, మనమే వాడుకోలేదు.

చివర్లో కవలపిల్లవాడు ప్రత్యక్షమవడం, ఎప్పుడూ మాటైనా వినని తమ్ముడు ఊడిపడటం, అంతా కల అనడం: వీటిని ఎవరూ పట్టలేరు నిజమే. కానీ ఎవరూ పట్టలేకపోవడం గొప్పతనం కాదు. పట్టడానికి దారి ఉండి కూడా పట్టలేకపోతేనే ప్రేక్షకుడు ఓడినా ఆనందపడతాడు. చీటీల్లో ఒక్కరైనా కథలోంచి పట్టి ఉంటే ఆ మలుపు న్యాయమైనదని నేను గట్టిగా వాదిస్తాను.

ఏడో మెట్టు: ఒకే కథ, వేర్వేరు రూపాలు

కాస్త చేయి తిరిగాక రీమేక్‌లతో ఆడుకోవచ్చు. బృందాన్ని రెండుగా చేసి, ఒకరికి మూలం, ఒకరికి రీమేక్ చూపించి చీటీలు పోల్చండి. 2012లో సుజోయ్ ఘోష్ తీసిన కహానీలో భర్తను వెతుక్కుంటూ కోల్‌కతా వచ్చిన నిండు గర్భిణిని చూసి లోకమంతా జాలిపడుతుంది. ఆ గర్భమే అబద్ధమని చివర్లో తెలుస్తుంది. 2014లో శేఖర్ కమ్ముల నయనతారతో అనామిక తీస్తూ ఆ గర్భాన్ని తీసేశారు. హైదరాబాద్ పాతబస్తీలో ఒంటరిగా తిరుగుతున్న ఆడమనిషిగానే చూపించారు. కథ ఒకటే, కానీ మన జాలిని పట్టి ఉంచే బలమైన ఆధారం పోయింది. రెండు గుంపుల చీటీలూ పక్కపక్కన పెడితే, ఆ ఒక్క మార్పుతో అనుమానం ఎప్పుడు మొదలైందో నిమిషాలతో సహా తెలుస్తుంది. ఎవరు సినిమాకు మూలమైన 2016 నాటి స్పానిష్ సినిమాను, 2019లో హిందీలో వచ్చిన బద్లాను కూడా ఇలాగే వాడుకోవచ్చు. సాయం చేయడానికి వచ్చిన మనిషి వేరొకరు కావడమన్న ఉపాయం మూడింటిలోనూ ఉంది, ఆ మనిషి ఎవరన్నది మాత్రం మారుతుంది.

ఎనిమిదో మెట్టు: ముందే తెలిసినవాళ్లను ఏం చేయాలి?

ఏ బృందంలోనైనా ఒకరికి కథ ముందే తెలిసిపోయి ఉంటుంది. వాళ్లను పంపేయకండి. వాళ్లకు వేరే చీటీ ఇచ్చి, ఏ సీన్‌లో గుండె దడదడలాడిందో రాయమనండి. మాయాబజార్ 1957 నుంచి చూస్తున్నాం. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడని మనకు తెలుసు, పెళ్లివారికి తెలియదు. సావిత్రి ఆ నడకా ఆ హుంకారమూ చూపిస్తుంటే తెలిసినందువల్లే నవ్వుతాం. రాయబారం ఏమవుతుందో తెలియని తెలుగు ప్రేక్షకుడు లేడు, అయినా ఆ పద్యాలకు వన్స్‌మోర్ కొట్టని నాటక రాత్రీ లేదు. బల్ల కింద బాంబు ఉందని ప్రేక్షకుడికి చెప్పకపోతే పదిహేను సెకన్ల ఉలికిపాటు, చెబితే పదిహేను నిమిషాల ఉత్కంఠ అని హిచ్‌కాక్ అన్నది ఈ సంగతే.

పరిశోధకులు కూడా దీని మీద ఒక మాట మీద లేరు. 2011లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు చిన్న కథలు చదివించి చూస్తే, ముగింపు ముందే చెప్పినవాళ్లు కథను ఎక్కువ ఇష్టపడ్డారు. 2015లో వేరేవాళ్లు చేసిన అధ్యయనంలో ముందే చెప్పడం ఆనందాన్ని తగ్గించింది. నేను చూసినంతలో, మొదటిసారి ఉలికిపాటు ఎవరికి వాళ్లు అనుభవించాల్సిన హక్కు. దాన్ని ఇంకొకరి దగ్గర్నుంచి లాక్కోకూడదు. బయట ఎవరైనా ఎలా ఉందని అడిగితే "సెకండాఫ్ కదలనివ్వదు, ఫోన్ పక్కన పెట్టి చూడండి" అనండి. "ట్విస్ట్ అదిరిపోయింది" అని మాత్రం అనకండి.

ఇక చివరి పని. చీటీలు పారేయకుండా తేదీ, సినిమా పేరు రాసిన కవర్లో పెట్టి ఎంపికదారు దగ్గర దాచండి. ఆరు నెలలు గడిచాక అందరూ కలిసిన రోజున, ఆ సినిమాకు ఇంటర్వెల్‌లో మీరేం రాశారో, పదికి ఎంత వేశారో గుర్తుచేసుకుని కొత్త కాగితం మీద రాయమనండి. తర్వాత పాత కవరు విప్పి రెండూ పక్కపక్కన పెట్టండి. ఊహ మారిపోయిన చోట్లు ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టి, ఆ చోట సినిమాను మరోసారి నడిపించి చూడండి.